స్వయముగా చూచితిని

నా సర్వీసంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది. ఫలానా మనిషి ఫలానా ఇంట్లో ఉంటోందా, లేదా? దానికి జవాబు కనుక్కుని, రిపోర్టు రాసి, కింద సంతకం గిలికి పైకి పంపడమే నా ఉద్యోగం. వినడానికి ఎంత తేలిక! పిలిస్తే పలికితే ఉన్నట్టు, పలక్కపోతే లేనట్టు. మీలో ఎవరైనా కొత్తగా ఇలాంటి సీట్లో కూర్చున్నవాళ్ళుంటే ఒక్క మాట వినండి. పలికినంత మాత్రాన ఉన్నట్టు కాదు. ఈ సంగతి నేను రిటైరవడానికి నాలుగు నెలల ముందు నేర్చుకున్నాను. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళూ ఏం చేశావయ్యా అంటే, నా అంతవాడు లేడని మీసం తిప్పుకుంటూ తిరిగాను.

మాది యానాం. చుట్టూ ఆంధ్ర, మధ్యలో మేం పుదుచ్చేరి వాళ్ళం. బయటివాళ్ళకి మా ఊరి పేరు చెబితే చవగ్గా దొరికే సీసాలే గుర్తొస్తాయి. మాకు అంతకంటే గిరాకీ ఉన్న సరుకు ఇంకోటుంది, శాశ్వత నివాస పత్రం. అది ఉంటే కాలేజీ సీటులోనూ సర్కారు ఉద్యోగంలోనూ స్థానికులకు ఉంచిన వాటా దక్కుతుంది. అందుకని వంతెన అవతలివాళ్ళు కూడా ఇక్కడో గది తీసుకుని, దానికో తాళం తగిలించి, "పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఇక్కడేనండి" అని ఒట్లు పెట్టేవారు. వాళ్ళని పట్టుకోవడం నా పని. పత్రం ఇచ్చినా ఊరుకోం. ఏడాదికోసారి ఇంటికి వెళ్ళి మనిషి ఉన్నదీ లేనిదీ చూసి రావాలి. మధ్యలో ఊరు వదిలేశారని తేలితే పత్రం రద్దు.

ఈ పనిలో నాకు ఓనమాలు దిద్దించింది మా సీనియర్ గుమాస్తా. ఎప్పుడూ బుగ్గన వక్క, భుజాన తడి తువ్వాలు. "మనిషిని అడక్కయ్యా, ఇంటిని అడుగు. మనిషి అబద్ధమాడతాడు, ఇల్లు ఆడదు" అనేవారు. మనుషులున్న ఇంటి ముందు పాత ముగ్గు మీద కొత్త ముగ్గు పడీ పడీ నేల తెల్లటి చారలు కడుతుంది. చీపురు ఒక పక్కకి అరుగుతుంది. బట్టలుతికే బండ చుట్టూ నాచు పచ్చగా ఉంటుంది. అన్నిటికంటే గట్టి ఆనవాలు దండెం. లేని మనిషి ఉన్నట్టు చూపించడానికి పెట్టెలోంచి తీసి ఆరేసిన బట్టల మీద మడత గీతలు పోవు. ఆ గీతలు చూసి నేను ఎంతమంది పత్రాలు రద్దు చేయించానో లెక్కలేదు. పోను పోను నాకు ఇల్లు చూస్తే చాలు, మనిషిని చూడనక్కర్లేదు అనిపించే దాకా వచ్చింది. అదే నా కొంప ముంచింది.

గౌతమి ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ వీధి ఒకటుంది. ఎండు చేపల వాసన వీధి మొగలోనే ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంటుంది. ఆ వీధి చివర రెండు గదుల రేకుల ఇల్లు. పెరట్లో మూడు మెట్లు దిగితే నీళ్ళే. ఇంటావిడ నర్సు కోర్సు చదివింది. తల్లి గంపతో చేపలమ్మి చదివించి, చదువు పూర్తవకముందే పోయిందట. నా వాళ్ళన్నవాళ్ళు లేని ఒంటరి పిల్ల. కాగితాల్లో ఇంతే ఉంది. ఆమె ముఖం చూసిన గుర్తు నాకు లేదు, అంటే అప్పటికి.

మొదటి ఏడాది వెళ్ళినప్పుడు ఉదయం పదైంది. ముగ్గు ఇంకా తడిగా ఉంది. దండెం మీద నైటీ ఒకటి నీళ్ళోడుతోంది. వంటింటి కిటికీలోంచి తిరగమోత ఘాటు. తలుపు ఓరగా వేసి ఉంది. "ఏమ్మా, ఇంట్లో ఉన్నారా?" అని కేకేశాను. లోపల చెంబు కదిలిన చప్పుడైంది. పక్కింటి ఇల్లాలు రొయ్యలు వలుస్తూ, "స్నానానికెళ్ళిందండి. ఇప్పుడే" అంది.

ఎదురింటి అరుగు మీద ఒక ముసలావిడ ఉంది. వీధంతా ఆవిణ్ణి మామ్మ అంటారు. చూపు మందగించింది. నేనడక్కుండానే అందుకుంది. "ఉందండి బాబూ, ఎక్కడికెళ్తాది? రాత్రి నా కాళ్ళు పట్టింది. దాని చెయ్యి పడితేనే నాకు నిద్ర."

ఇక చాలు కదా! పేజీ తిప్పి, అచ్చులో ఉన్న వాక్యం కింద సంతకం పెట్టాను. "పై వ్యక్తిని నివాస స్థలమునందు స్వయముగా చూచితిని." ముప్ఫై ఏళ్ళుగా ఆ వాక్యం కింద సంతకాలు పెట్టీ పెట్టీ, దానికో అర్థం ఉందన్న సంగతే మర్చిపోయాను.

రెండో ఏడు కొంచెం పొద్దెక్కి వెళ్ళాను. పక్కింటి ఇల్లాలు వాకిట్లో లేదు. నేనే సందులోంచి పెరటి వైపు తొంగిచూశాను. మెట్ల మీద ఒకామె అటు తిరిగి కూర్చుని ఉంది. తలంటుకున్నట్టుంది, జుట్టు వీపంతా పరుచుకుని, వేళ్ళతో చిక్కు తీసుకుంటూ గోదారి చూస్తోంది. "అమ్మాయ్, నివాస పత్రం తాలూకు వచ్చానమ్మా" అన్నాను. వెనక్కి తిరక్కుండానే "ఆఁ, వస్తున్నా" అంది. సన్నటి గొంతు, తొందర లేని గొంతు. ఈలోగా వీధిలో ఎవరో పిలిస్తే ఇటు తిరిగాను. మళ్ళీ చూసేసరికి మెట్ల మీద ఎవరూ లేరు. లోపలికెళ్ళింది కాబోలనుకున్నాను. తడి మాత్రం ఉంది మెట్టు మీద. ఈసారి నిజంగానే చూశాను కదా అని, సంతకం మరీ ధాటీగా పెట్టాను.

మూడో ఏడాది సంగతి చెప్పడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు. తలుపు బార్లా తీసి ఉంది. గడపలో నిలబడి పిలిచాను. ముందు గదిలో చాప, చాప మీద కంచం, కంచంలో చేపల పులుసు కలిపిన అన్నం. సగం తిన్నది. ముద్ద చెయ్యడానికి వేళ్ళు ముడిచిన గుర్తులు అన్నంలో అలాగే ఉన్నాయి. ఆవిరి వస్తోంది. పక్కన గ్లాసులో నీళ్ళు ఇంకా కదులుతున్నాయి.

"ఇప్పుడే లేచెళ్ళిందండి" అంది పక్కింటి ఇల్లాలు వెనకనుంచి. ఉలిక్కిపడ్డాను.

"అన్నం మధ్యలోనా?"

"ఆయ్. ఏదో పనుందని."

ఏమనిపించిందో, నా సర్వీసులో ఎన్నడూ చెయ్యని పని చేశాను. అరుగు మీద చతికిలబడి, వచ్చేదాకా ఉంటానన్నాను. గంటసేపు కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం, నెత్తి మాడిపోయే ఎండ. వీధిలో ఆడవాళ్ళందరూ ఎవరి గుమ్మాల్లో వాళ్ళు నిలబడి నా వైపే చూస్తున్నారు. కోపంగానూ లేరు, భయంగానూ లేరు. శవం లేచేదాకా ఇంటి ముందు నిలబడతారే, అలా నిలబడ్డారు. కంచంలో అన్నం మీద పులుసు అట్ట కట్టింది. ఆమె రాలేదు. మామ్మ ఒక్కతే ఉండుండి, "వస్తాదిలెండి, దానికి తొందరెక్కువ" అంటోంది. లేచి, చెప్పులు సరిగా వేసుకోకుండానే వచ్చేశాను.

సీనియరు అప్పటికే రిటైరయ్యారు. ఇంటికి వెళ్ళి చెప్పాను. ఆయన వక్క నమలడం ఆపారు.

"ఇల్లు పలికిందా?"

"పలికిందండి. మరీ ఎక్కువగా పలికింది."

"మనిషి?"

"కనబడలేదండి."

"మరి రిపోర్టు ఏం రాశావు?"

నేను తలొంచుకున్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "చూడని మనిషిని చూశానని మూడుసార్లు రాస్తే ఏమవుతుందో తెలుసా? ఆ మనిషి నీ బాధ్యత అవుతుంది" అన్నారు. ముసలాయనకి చాదస్తం ముదిరిందనుకుని వచ్చేశాను.

ఆ తర్వాత కొన్నాళ్ళకి, మధ్యాహ్నం పూట, ఒకమ్మాయి మా కౌంటరు ముందుకొచ్చి నిలబడింది. ముప్ఫై లోపు వయసు. భుజాల దాకా కత్తిరించిన జుట్టు. కళ్ళ కింద నల్లటి చారలు.

"ఎవరమ్మా మీరు?" అన్నాను.

ఇంటి నంబరు చెప్పింది. పేరు చెప్పింది. నేను నవ్వాను. "ఊరుకో అమ్మా. ఆ ఇంటావిడ నాకు బాగా తెలుసు. మొన్ననే చూసొచ్చాను."

ఆ పిల్ల మొహం తెల్లబోయింది. కౌంటరు చెక్కను రెండు చేతులా పట్టుకుంది. "ఎక్కడ చూశారండి? మీరు కూడానా అండి?" అంది.

ఆ 'మీరు కూడానా' ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

కూర్చోబెట్టి అడిగితే చెప్పింది. మూడేళ్ళ క్రితం జపాన్ వెళ్ళింది. అక్కడ పెద్దవయసు వాళ్ళని చూసుకునే పనిలో శిక్షణ. తాత్కాలిక వీసా, ఏడాదికోసారి పొడిగిస్తారు, శిక్షణ అయిపోగానే వెనక్కి రావాల్సిందే. అక్కడ ఉండిపోయే హక్కు లేదు. అందుకని ఇక్కడి హక్కు పోగొట్టుకోకూడదని వీధివాళ్ళందరినీ బతిమాలి వెళ్ళింది. ఎవరొచ్చి అడిగినా ఉన్నాననే చెప్పండి, నా ఇల్లు పాడుపడనివ్వకండి అని. తిరిగి రాకముందే మా ఊరి గవర్నమెంటు ఆసుపత్రిలో ముసలివాళ్ళ వార్డు కోసం నర్సు పోస్టు పడింది. శిక్షణ ఉండాలి, స్థానికురాలై ఉండాలి. ఆమె కోసమే పెట్టినట్టుంది పోస్టు. అక్కణ్ణుంచే దరఖాస్తు పెట్టింది, ఎంపికైంది కూడా. వచ్చాక కాగితాలు సరిచూసేటప్పుడు దొరికిపోయింది. పాస్‌పోర్టు మూడేళ్ళూ జపాన్‌లో ఉందంటోంది. నా రిపోర్టులు మూడేళ్ళూ యానాంలో ఉందంటున్నాయి.

"రెండిట్లో ఒకటి దొంగది, పదిహేను రోజుల్లో తేల్చుకు రా అన్నారండి. లేకపోతే పోస్టు పోతుంది, నివాస పత్రం రద్దవుతుంది, దొంగ కాగితం పుట్టించానని కేసు కూడా పెడతారంట. అప్పుడు నేను అక్కడిదాన్నీ కాదు, ఇక్కడిదాన్నీ కాదు" అంది.

నాకు పచ్చి వెలక్కాయ గొంతులో పడ్డట్టయింది. అయినా అధికారం చెలాయించే బుద్ధి పోతుందా! "అసలు ఇంత నాటకం ఎవరాడమన్నారమ్మా? వెళ్ళేముందు ఆఫీసుకొచ్చి ఒక్క మాట అడగొచ్చు కదా?" అని గదమాయించాను.

"అడిగానండి. ఈ కౌంటరులోనే. మిమ్మల్నే" అంది ఆ పిల్ల నెమ్మదిగా. "లేని మనిషికి నివాసం ఏంటమ్మా, పత్రం కావాలంటే ఇల్లు మాత్రం పాడుపెట్టకు అన్నారండి. మీరు భోజనానికి లేస్తున్నారప్పుడు."

నాకు గుర్తు లేదు. ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. కానీ అది నా మాటే. నా గొంతులో ఎలా ఉంటుందో కూడా వినబడింది. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆమె ఇంకా చెప్పుకుపోతోంది. "నేనొచ్చి వారమైందండి. మా వీధిలో ఎవరైనా పొరుగూరు వెళ్ళి రెండు రోజులకొచ్చినా ఎప్పుడొచ్చావని పలకరిస్తారా! నన్ను ఒక్కళ్ళు కూడా అడగలేదు. పెట్టె లాక్కుంటూ వీధిలోకి వస్తుంటే పక్కింటి పిన్ని నన్ను చూసి, 'నీళ్ళొచ్చాయి, పట్టుకో' అంది. అంతే. మామ్మ నా చెయ్యి పట్టుకుని చూసి, 'గరుకైపోయిందేంటే, నిన్న మెత్తగానే ఉంది కదా' అందండి. ఇంట్లోకి వెళ్తే సబ్బు సగం అరిగి తడిగా ఉంది. నా దువ్వెనలో పొడుగు వెంట్రుకలున్నాయి. నేను జపాన్ వెళ్ళగానే జుట్టు కత్తిరించేసుకున్నానండి. ఆ ఇంట్లో పడుకోలేకపోతున్నాను. ఎవరి ఇంటికో చుట్టంచూపుగా వచ్చినట్టుంది."

ఆమె వెళ్ళాక కింది సొరుగు లాగాను. నా టిఫిన్ డబ్బా కింద రూల్సు పుస్తకం. ముప్ఫై ఏళ్ళుగా నా చారు మరకలు పడ్డాయి గానీ, నా చూపు పడలేదు. వెతికితే పావుగంటలో దొరికింది. చదువు కోసమో శిక్షణ కోసమో తాత్కాలికంగా బయటి దేశం వెళ్ళేవాళ్ళు ముందుగా ఒక దరఖాస్తు పడేస్తే చాలు, వాళ్ళ శాశ్వత నివాసానికి ఏ భంగమూ ఉండదు. ఒక్క తెల్ల కాగితం! దానికి బదులు ఒక వీధి వీధంతా మూడేళ్ళు కళ్ళు తెరుచుకుని అబద్ధంలో బతికింది. నేను భోజనానికి తొందరపడి.

మా పై అధికారి వయసులో నాకంటే చిన్నవాడు, మనసులో పెద్దవాడు. అంతా విని, చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "దారి ఒకటే ఉందండి. ఆ అమ్మాయి ముందే వచ్చి అడిగిందనీ, మీరు తప్పు చెప్పారనీ, చూడకుండా మూడు రిపోర్టులు రాశారనీ మీరు రాసివ్వాలి. వీధివాళ్ళు కూడా ఆమె లేదని పంచనామాలో సంతకాలు పెట్టాలి. అప్పుడు తప్పు ఆఫీసుదవుతుంది, ఆ అమ్మాయిది కాదు. దరఖాస్తు ఆలస్యంగా తీసుకుంటాను. కానీ మీ రిటైర్మెంటు..." అని ఆగాడు.

చేతికొచ్చిన పెన్షను ఆగిపోవచ్చు. ఇంక్వయిరీ పెట్టొచ్చు. నేను పెద్ద హరిశ్చంద్రుణ్ణేం కాదు. రెండు రోజులు సెలవు పెట్టి ఇంట్లో పడుకున్నాను. మూడో రోజు మా ఆవిడ, "చేసింది నువ్వైతే మొయ్యాల్సింది ఆ పిల్లా?" అంది. లేచి చొక్కా తొడుక్కున్నాను.

పంచనామా ఆ ఇంటి ముందే. ఉదయం తొమ్మిదింటికి బల్ల వేయించాను. పై అధికారి, నేను, ఆ అమ్మాయి, వీధిలో ఆడవాళ్ళు. మగవాళ్ళు వేటకెళ్ళారు. ఎవరికీ ఏ హానీ రాదని అధికారి హామీ ఇచ్చాక, ఒక్కొక్కళ్ళే నోరు విప్పారు. ముగ్గు వేసింది ఒకరు. బట్టలు తడిపి ఆరేసింది ఒకరు, మడత గీతల సంగతి ఎవరో చెప్పారట, అందుకని ముందే నీళ్ళలో నానబెట్టేదట. పొయ్యి వెలిగించి తిరగమోత పెట్టింది, కంచంలో అన్నం కలిపింది పక్కింటి ఇల్లాలు. రాత్రిపూట దీపం పెట్టి తీసింది ఇంకొకరు. నేను రాసుకుంటూ పోతున్నాను. ఎక్కడికక్కడ ముడులు విడిపోతుంటే, చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. నేను పడ్డ భయమంతా రొయ్యలు వలిచే చేతుల పనే కదా!

"మరి పెరటి మెట్ల మీద తలారబెట్టుకున్నదెవరు?" అని అడిగాను నవ్వుతూ.

అందరూ పెరటి వైపు చూశారు.

"రెండో ఏడు. నేను పిలిస్తే వస్తున్నా అంది. ఎవరైనా ఫర్వాలేదు, చెప్పండమ్మా."

పక్కింటి ఇల్లాలు మిగతావాళ్ళ మొహాల్లోకి చూసింది. వాళ్ళు ఆమె మొహంలోకి చూశారు. "మెట్ల దాకా ఎవరమూ వెళ్ళమండి. పని చూసుకుని గుమ్మంలోంచే వచ్చేస్తాం" అంది. ఇంకొకామె మెల్లిగా, "మేం ఒకరోజు ముగ్గు వెయ్యడం మర్చిపోయామండి. పొద్దున్నే చూస్తే వేసే ఉంది. నువ్వేశావా అంటే నువ్వేశావా అనుకున్నాం" అంది. పై అధికారి పెన్ను కింద పెట్టేశాడు. ఆ అమ్మాయి తల ఎత్తలేదు.

"మామ్మగారి కాళ్ళు పట్టిందెవరండి?" అన్నాడు ఆయన, గొంతు సవరించుకుని.

ఆడవాళ్ళు మామ్మ అరుగు వైపు తిరిగారు.

సంతకాలు మొదలయ్యాయి. సంతకం పెట్టినవాళ్ళందరూ నిద్రలోంచి లేచినట్టు తల విదిలించుకుని, ఎదురుగా నిలబడ్డ పిల్లని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూశారు. "అమ్మో, ఎంత చిక్కిపోయావే!" "జుట్టేమైందే నీకు?" "ఎప్పుడొచ్చావే తల్లీ?" ఆ మాట కోసమే కాచుకున్నట్టు ఆ పిల్ల గొల్లుమంది. పక్కింటి ఇల్లాలు దాన్ని పొట్లం చుట్టినట్టు చుట్టుకుంది.

మిగిలింది మామ్మ. వేలిముద్రకి చెయ్యి ఇవ్వదు. కొంగులో దాచేసుకుంది.

"ఉన్న మనిషిని లేదని ఎలా పెట్టమంటారు బాబూ? మూడేళ్ళు నా కాళ్ళు పట్టిన పిల్లండి అది. దాన్ని లేదంటే చంపేసినట్టు కాదా?"

నేను నచ్చజెప్పబోయాను. అధికారి వారించాడు. ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని వచ్చి అరుగు కింద కూర్చుంది. మామ్మ పాదాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

"మామ్మా, అది నేను కాదే. అక్కడ నీ ఈడుదే ఒకావిడ ఉండేది. నా మాట ఆవిడకి తెలీదు, ఆవిడ మాట నాకు సరిగ్గా తెలీదు. రోజూ రాత్రి ఆవిడ కాళ్ళు పట్టేదాన్ని. పడుతున్నంతసేపూ కళ్ళు మూసుకుని, నీ కాళ్ళే అనుకునేదాన్ని. అలా అనుకోకపోతే నాకు అక్కడ చెయ్యి ఆడేది కాదే."

మామ్మ ఆ పిల్ల చేతుల మీద చేతులు వేసి తడుముతోంది, గరుకు తేలిన ప్రతి వేలునీ. తర్వాత బొటనవేలు చాపింది. ముద్ర పడగానే, చావింట్లో ఏడ్చినట్టు, పేరు పెట్టి ఏడ్చింది. ఆ పేరు గలది ఎదురుగా కూర్చుని కాళ్ళు పడుతూనే ఉంది. ఆ ఏడుపు వినలేక మా అధికారి వీధి మొగకి వెళ్ళిపోయాడు.

చివరి సంతకం నాది. "సదరు ఇంట మూడు పర్యాయములూ నేను ఎవరినీ చూడలేదు" అని రాశాను. ముందు రాసింది అబద్ధమని ఒప్పుకుంటూ రాసిన ఈ మాట నిజమేనా? చూశాను కదా. తడి జుట్టు చూశాను, పలికితే విన్నాను. కానీ ఆ నిజం రాస్తే ఈ పిల్ల మునిగిపోతుంది. పెట్టాను సంతకం.

నాకు మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు కోశారు, పోనీలే పెద్దాయన అని వదిలేశారు. పిల్లలూ, మీకు ఈ కథలో నీతి కావాలంటే సొరుగులో ఉంది, తీసి చదువుకోండి. అచ్చేసిన వాక్యం కింద సంతకం పెట్టేముందు, ఆ వాక్యాన్ని ఒక్కసారి పైకి చదవండి. అంతకు మించి సలహా చెప్పే అర్హత నాకు లేదు.

గడువుకి ఒకరోజు ముందు ఆ అమ్మాయి కొత్త పత్రం తీసుకోడానికి వచ్చింది. నేనే చేతికిచ్చాను. శాశ్వత నివాసి, శిక్షణ నిమిత్తం మూడేళ్ళు తాత్కాలికంగా ఊళ్ళో లేరు అని ఉంది. పోస్టు దక్కినట్టే. రెండుసార్లు చదువుకుంది. వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు.

"ఒక మాట అడుగుతాను, ఏమనుకోకండి. మీరు మెట్ల మీద చూసినావిడ... ఎలా ఉందండి? ఏడుస్తోందా?"

ఏం చెప్పను? రిపోర్టుల్లో రాయని నిజం ఒక్కటే మిగిలింది నా దగ్గర. "లేదమ్మా. నిమ్మళంగా ఉంది. జుట్టు ఆరబెట్టుకుంటూ గోదారి చూస్తోంది. నేను పిలిస్తే, ఏ తొందరా లేనట్టు పలికింది."

ఆ పిల్ల పత్రాన్ని గుండెకి అదుముకుని, కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"నేను అక్కడ రోజూ ఏడ్చానండి" అంది.